యమునా జలపరీక్ష – గట్టు నుండి గగనమునకు

నదినీరు త్రాగు నగరము ప్రతిదినము వేసికొనవలసిన ప్రశ్న ఒకటి కలదు: ఈ పూట వచ్చిన నీరు మంచిదేనా? ప్రయోగశాల ఇచ్చు జవాబును మనము నమ్ముదుము. కాని ఆ జవాబు చెప్పినవారు నదిలో ఏ తావున, ఏ గడియలో, ఎంత నీరు ముంచి చూచిరో మాత్రము అడుగము. జలపరీక్ష చరిత్ర యనగానే సూక్ష్మదర్శినులు, రసాయనములు, క్రిములు మనస్సునకు వచ్చును. నీరు ముంచిన తావును, వేళను గూర్చిన చరిత్ర దానికేమియు తీసిపోదు. అయినను అది మూలబడియున్నది.

కొన్ని యేండ్లుగా డ్రోనులను నదులపైనను, చెరువులపైనను ఎగురవేసి నీటి మంచిచెడ్డలను కనిపెట్టు ప్రయత్నములు పలు దేశములలో సాగుచున్నవి. మన దేశమునను ఈ మాట తరచుగా వినవచ్చుచున్నది. కొందరు దానిని సర్వరోగ నివారిణిగా పొగడుదురు. కొందరు పెద్దల ఆటబొమ్మయని త్రోసివేయుదురు. ఈ రెండు మాటలలో ఏది ఎంత నిజమో తూచుటకు తగిన త్రాసు మనము కొలువులు చేయుచు కాపురముండు ఈ ఢిల్లీ నగర చరిత్రలోనే దొరకును. 1955వ సంవత్సరము నవంబరు మాసమున యమునా తీరమున జరిగిన సంగతియే ఆ త్రాసు. దానిని చెప్పుకొనుటకు ముందు ఒకమారు ఆగ్రా దాక పోయి రావలెను.

1892లో ఎర్నెస్ట్ హాన్‌బరీ హాంకిన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆగ్రాలో ప్రభుత్వ రసాయన పరీక్షకుడుగా చేరెను. ఆ దినములలో తీర్థములకును, తిరునాళ్ళకును పోయివచ్చు యాత్రికుల వెంట కలరా ఊరూర తిరుగుచుండెడిది. హాంకిన్ యమునా జలమును తెప్పించి, అందు కలరా క్రిములను విడిచి, అవి ఎంతకాలము బ్రతుకునో లెక్కించెను. కాచని నీటిలో ఆ క్రిములు కొలది గంటలలోనే నశించెను. అదే నీటిని కాచి చూడగా ఆ గుణము పోయెను. 1896లో ఆయన ఈ ఫలితమును పారిస్ నగరమందలి పాశ్చర్ సంస్థవారి పత్రికలో ప్రకటించెను. తరువాత 1915లో ట్వార్ట్, 1917లో దెరెల్ అనువారు క్రిములను భక్షించు వైరసులను వేర్వేరుగా కనుగొనగా, హాంకిన్ చూచినది వాని పనియే యని పలువురు తలచిరి. కాదని వాదించినవారును కలరు. ఆయన మటుకు ఆవిరియై పోవు పదార్థమేదో నీటిలో ఉన్నదని భావించెను. గంగా యమునల పవిత్రతకు శాస్త్రప్రమాణము దొరకినదని నేటికిని ఈ ప్రయోగమును ఎత్తి చూపువారు కలరు. వారు ఒక్క సంగతి మరచుచున్నారు. ఆయన ముంచినది 1890 దశకపు యమున. నేడు ఆగ్రా దగ్గర పారు యమున ఆ యమున కాదు.

మన కథకు అంతకంటె ఎక్కువగా కావలసినది ఆయన రెండవ వ్యాసంగము. ఈ రసాయన పరీక్షకుడు తీరిక వేళలలో తలయెత్తి ఆకాశమును చూచుచుండెడివాడు. రెక్క ఆడింపక గంటలకొలది గాలిలో తేలు గద్దలు, రాబందులు ఏ బలముతో నిలుచుచున్నవి, ఏ వేళకు ఏ పక్షి తేలుట మొదలుపెట్టును, గాలి ఎట్లుండవలెను అను విషయములను యేండ్ల తరబడి పరిశీలించి, 1913లో ‘యానిమల్ ఫ్లైట్’ అను గ్రంథమును వెలువరించెను. క్రింద నీటిలోని క్రిమిని, పైన గాలిలోని గద్దను చూచినది ఒకే మనిషి. గద్ద చూపుతో నీటిని చూడవచ్చునన్న ఊహ కార్యరూపము దాల్చుటకు మాత్రము దాదాపు నూరేండ్లు పట్టినది.

ఈలోగా నీటి పరీక్షకు గట్టుమీది సీసాయే ఆధారమయ్యెను. ఇంగ్లండులో మురుగునీటి పారుదలను విచారించుటకు 1898లో నియమింపబడిన రాజసంఘము 1912లో ఒక కొలబద్దను నిర్ణయించెను. మురుగు కలిసిన నీటిని సీసాలో బిగించి, అయిదు దినములుంచి, అందలి క్రిములు ఎంత ప్రాణవాయువును తినివేసినవో కొలుచుటయే ఆ పద్ధతి. బి.ఓ.డి. అను పొడి అక్షరములతో నేడు ప్రపంచమంతట వాడుకలోనున్నది ఇదియే. అయిదు దినములే యేల? ఇంగ్లండు నదులలో నీరు సముద్రము చేరుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టదు గనుక ఆ గడువు పెట్టిరని చెప్పుదురు. మన దేశమున ఎండవేడిమిని బట్టి 27 డిగ్రీల వద్ద మూడు దినములు చాలునని సవరించుకొంటిమి. మూడైనను, అయిదైనను, ఫలితము చేతికందు నాటికి ఆ నీరు ఎక్కడ ఉండును? నదిలోనైనచో ఎన్నో క్రోసులు దిగువన. కుళాయి దారి పట్టినచో ఎప్పుడో గొంతు దిగిపోయి. నది ఆరోగ్యము నిన్నమొన్న ఎట్లున్నదో చెప్పుటకు ఈ పరీక్ష మేలైనది. నేడు పంపు ఆపవలెనా అను ప్రశ్నకు ఇది జవాబీయజాలదు.

ఇక 1955వ సంవత్సరము. ఆ యేడు వర్షకాలపు చివర యమునకు వరదలు వచ్చెను. వరద తీసినపుడు నది తన పాయను మార్చుకొనెను. మైదానపు నదులకు ఇది సహజమే. యమున తరతరములుగా ఇట్లే అటునిటు జరుగుచున్నది. అయితే నగరమునకు నీరు తోడు పంపుగృహము వజీరాబాదు వద్ద పడమటి గట్టున కదలక కూర్చున్నది. దానికి కొంచెము దిగువన నజఫ్‌గఢ్ కాలువ నదిలో కలియుచుండెను. ఒకప్పుడు సాహిబీ నది నీటిని, వాననీటిని మోసిన ఈ కాలువ, నగరము పెరిగినకొలది దాని మురుగును మోయు సాధనమై పోయెను. యమున పడమటి గట్టు నొరసి నిండుగా పారినంత కాలము మురుగు దిగువకు కొట్టుకొనిపోవుచుండెను. ఎగువనున్న పంపునకు దాని జోలి లేదు. ఆ ఏర్పాటంతయు నది గట్టును విడువదను నమ్మకముమీద నిలిచినది. నది తూర్పునకు జరుగగనే కాలువ మురుగు వెనుకకు మళ్ళి నీరు తోడు తావునకు ఎగప్రాకెను. నవంబరు నడుమ సుమారు ఒక వారము నగరము తోడుకొన్న యమునా జలములో మురుగు కలిసియుండెను.

దీనిని ఎవ్వరును చూడలేదనుట న్యాయము కాదు. నీటి సరఫరా సిబ్బంది ప్రమాదమును గుర్తించిరి. పటికను హెచ్చించిరి, క్లోరిన్‌ను మామూలుకంటె అధికముగా కలిపిరి. వారి జాగ్రత్త వృథా పోలేదు. ఇంత మురుగు కలిసిన నీరు త్రాగిన నగరమున టైఫాయిడు, రక్తగ్రహణి విజృంభింపవలసినది, అవి పెరగలేదు. క్లోరిన్ తన పనిని తాను చేసినది. ఆ నాటి శాస్త్రము ఎరిగిన కొలతలన్నిటి ప్రకారము గండము గడచినట్లే.

కొన్ని వారముల పిదప, డిసెంబరు మాసమున, ఢిల్లీలో కామెర్లు మొదలయ్యెను. ఇంటింట ఒకరిద్దరు మంచము పట్టిరి. కన్నులు పచ్చబారిన రోగులు ఆసుపత్రులకు బారులు తీరిరి. జనవరి మాసమునకు ఉద్ధృతి తగ్గులోపల కామెర్లు పైకి కనిపించిన వారి సంఖ్యయే సుమారు 29,300 అని తేలెను. కన్ను పచ్చబారకయే కాలేయము చెడినవారు అంతకంటె అధికముగ నుండిరి. అన్నిటికంటె దుఃఖకరమైన విషయము గర్భిణులది. తక్కినవారు చాలమట్టుకు కోలుకొనగా, నిండు నెలలతోనున్న స్త్రీలు ఎక్కువగా మరణించిరి. ఆ కాలమున దక్షిణాది నుండి కొలువులకై వచ్చి సర్కారు క్వార్టర్లలో క్రొత్తగా కాపురములు పెట్టిన తెలుగు కుటుంబములును ఆ కుళాయి నీటినే త్రాగినవి. చూలాలు పుట్టింటికి పోవుట మనవారి ఆచారము; ఆ చలికాలమున పోలేక ఇచ్చటనే నిలిచిపోయిన వారికి దూరమే శాపమై యుండును.

ఈ ఉపద్రవమును డాక్టరు విశ్వనాథన్ మొదలగువారు ఇంటింటి విచారణతో, ఆసుపత్రి లెక్కలతో పరిశీలించి, 1957లో భారత వైద్య పరిశోధన పత్రిక అనుబంధముగా ప్రకటించిరి. నీటిద్వారా వ్యాపించిన కాలేయవ్యాధిని ఇంత విపులముగా వర్ణించిన పరిశోధనలు ప్రపంచములోనే తక్కువ. కారణమైన వైరసు ఏదో అప్పుడు తెలియదు. అందరు ఎరిగిన అంటుకామెర్లే యనుకొనిరి. రోగుల రక్తద్రవమును మాత్రము శీతలములో దాచియుంచిరి. ఇరువదియైదేండ్లకు ఆ జాగ్రత్త ఫలించినది. 1980లో ఆ పాత రక్తద్రవమును క్రొత్త పరీక్షలకు గురిచేయగా, అది ఎ-రకపు కామెర్లు గాని, బి-రకపు కామెర్లు గాని కాదని తేలెను. 1983లో బలయాన్ అను రష్యా శాస్త్రజ్ఞుడు రోగుల మలమునుండి తీసిన ద్రవమును తానే త్రాగి, జబ్బుపడి, తన శరీరమునుండి వచ్చిన వైరసును సూక్ష్మదర్శినిలో చూచెను. 1990లో దాని జన్యువును గుర్తించి ఇ-రకపు హెపటైటిస్ అని పేరిడిరి. ఢిల్లీ ప్రజలు త్రాగినదేమో వైద్యలోకమునకు తెలియుటకు ముప్పదియైదేండ్లు పట్టినది.

ఈ కథను క్లోరిన్ ఓటమిగా చెప్పుట వాడుక. నా దృష్టిలో ఇది అంతకుముందే జరిగిన ఓటమి. వరద తీసిన దినమునకును, మురుగు పంపును ముట్టిన దినమునకును నడుమ వ్యవధి కలదు. నది ఒక్క రాత్రిలో పాయను మార్చుకొనదు. ఇసుక మేటలు దినదినము పెరుగుచు, నీరు గట్టునకు దూరమగుచు వచ్చును. గట్టున నిలిచినవానికి ఎదుటనున్న నాలుగు బారల నీరు కనిపించునే గాని, కాలువ నోటినుండి నల్లని నాలుకవలె మురుగు ఎగువకు చాచుట కనిపింపదు. నూరు మీటర్ల ఎత్తునుండి చూచినచో ఆ నల్లని నాలుక, దాని కొస, నిన్నటికంటె నేడు ఎంత ముందుకు వచ్చినదియు చిన్నపిల్లవానికైనను తెలియును. వైరసు పేరు ఎరుగకయే ఆ ముప్పును ఎరుగవచ్చును. అయితే పంపు ఆపవలెనన్నచో వేరు నీరేది? ఆనాడు నగరమునకు ముఖ్యాధారము యమునయే. కొన్ని వారములు ముందుగా తెలిసియున్నచో కాలువ నోటికి అడ్డుకట్ట వేయుటకో, పాయను మళ్ళించుటకో, కనీసము ఇంటింట నీరు కాచి త్రాగుడని చాటించుటకో వ్యవధి చిక్కియుండెడిది.

తరువాత చేసిన ప్రతిక్రియ రాతితోను, ఇనుముతోను చేసినది. 1959లో వజీరాబాదు వద్ద బ్యారేజి కట్టబడినది. నజఫ్‌గఢ్ కాలువ దాని దిగువన కలియును గనుక ఆ దారిన మురుగు ఎగువకు ప్రాకు భయము తప్పినది. దిగువ యమున గతి ఏమైనదో ఓఖ్లా వంతెనమీద పోవు ప్రతివారును ముక్కు మూసికొని ఎరుగుదురు. వజీరాబాదు నుండి ఓఖ్లా వరకు నది పొడవు 22 కిలోమీటర్లు. 1,376 కిలోమీటర్ల యమునలో అది నూటికి రెండు పాళ్ళైనను కాదు. నది మోయు కాలుష్యములో అధికభాగము ఈ కొద్ది దూరములోనే చేరుచున్నది. అందులోను నజఫ్‌గఢ్ కాలువదే అగ్రస్థానము.

1974లో పార్లమెంటు జలకాలుష్య నివారణ చట్టమును చేసినది. ఆ యేడే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడినది. తరువాతి దశాబ్దములలో నదులు, చెరువులు, బావుల వద్ద పరీక్షా కేంద్రములు పెరిగి పెరిగి నాలుగు వేలు దాటినవి. ఇది చిన్న పని కాదు. అయినను పద్ధతి పాతదే: నియమిత స్థలమున, నెలకొకమారో మూడు నెలలకొకమారో, సీసాడు నీరు. ఒక వారము నడచిన 1955 నాటి ముప్పు ఈ వలలో పడవచ్చును, పడకపోవచ్చును. దొంగచాటుగా రాత్రివేళ మురుగు విడుచు కార్మాగారము ఈ వలను చూచి నవ్వుకొనును.

ఆకాశమునుండి చూచు ప్రయత్నము ఉపగ్రహములతో మొదలయ్యెను. 1972లో అమెరికా పంపిన మొదటి ల్యాండ్‌శాట్ 18 దినములకొకమారు అదే తావునకు వచ్చుచుండెను. దాని కంటికి సుమారు 80 మీటర్ల చదరము ఒక చుక్క. 1988లో మన ఐ.ఆర్.ఎస్. 1-ఎ ఎగిరెను, దానిలోని మెరుగైన కన్నునకు 36 మీటర్లు ఒక చుక్క, తిరిగివచ్చు గడువు 22 దినములు. ఆ చిత్రములను అందుకొని జాతికి పంచిన సంస్థ హైదరాబాదులో నున్నదని తెలుగువారమగు మనము గర్వింపవచ్చును. 2017 నుండి ఐరోపావారి సెంటినెల్-2 జంట 10 మీటర్ల చుక్కతో అయిదు దినములకొకమారు చూపుచున్నది. పెద్ద జలాశయముల పచ్చదనము, వరదనీటి బురద, గుర్రపుడెక్క ఆక్రమణ వీనిలో చక్కగా కనిపించును. నజఫ్‌గఢ్ కాలువ నోరు మాత్రము వానికి నాలుగు చుక్కలు. మేఘము కమ్మిన నాడు ఆ నాలుగును లేవు. వరదలు వచ్చునది మేఘములు కమ్మిన దినములలోనే గదా!

ఉపగ్రహమునకును, గట్టుమీది సీసాకును నడుమ ఖాళీగానున్న ఆ చోటను నింపినది డ్రోను. ఆ పేరునకు ఇంగ్లీషులో పోతుటీగ యని అర్థము. 1930 దశకమున బ్రిటన్‌వారు ఫిరంగులకు గురిచూపుటకై మనిషిలేక ఎగురు విమానమొకటి చేసి దానికి ‘క్వీన్ బీ’, అనగా రాణీ ఈగ, అని పేరుపెట్టగా, దాని వంశమువారికి పోతుటీగలను పేరు స్థిరపడినదని చెప్పుదురు. పట్టులోని పోతుటీగ తేనె తేదు. ఈ పోతుటీగ మాత్రము నీరు తేగలదు.

దాని పని రెండు విధములు. మొదటిది చూచుట. నూరు మీటర్ల ఎత్తున నిలిచినచో కొద్ది సెంటీమీటర్ల వస్తువును గూడ అది గుర్తించును. మన కన్నునకు కనిపింపని ఎరుపునకు ఆవలి కాంతిని పట్టు కటకములు దానికి అమర్చుదురు. నీటిలో పాచి పెరిగినచో ఎరుపు కాంతిని మ్రింగి, ఆ అంచున గల కాంతిని తిప్పికొట్టును. ఈ తేడాను బట్టి పాచి ఎంతయో లెక్కింతురు. ఉష్ణమును చూచు కటకము ఇంకొకటి. చలికాలపు తెల్లవారుజామున నది చల్లగానుండును. ఇండ్లనుండి, కార్మాగారములనుండి వచ్చు మురుగు కొంచెము వెచ్చగానుండును. గొట్టమును నీటిలో ముంచి దాచినను, ఆ వెచ్చదనము చిత్రములో మచ్చవలె తేలును. రెండవ పని ముంచుట. నీటికి కొన్ని అడుగుల ఎత్తున నిలిచి, సన్నని గొట్టమును దించి, చిన్న పంపుతో నీటిని పీల్చి సీసాలో నింపుకొని వచ్చును. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయమువారు ఇట్టి డ్రోనును నిర్మించి 2015లో వివరములు ప్రకటించిరి. ఒక విహారములో అది 20 మిల్లీలీటర్ల చొప్పున మూడు సీసాలు తెచ్చినది.

ఇది విని ఉప్పొంగిపోవుటకు ముందు కొలతలు చూడవలెను. కోలిఫారం క్రిములను 100 మిల్లీలీటర్ల నీటిలో లెక్కించుట వాడుక. బి.ఓ.డి. సీసా సాధారణముగ 300 మిల్లీలీటర్లు పట్టును. ఆ మూడు సీసాలు కలిపి పోసినను ఒక్క పరీక్షకు చాలవు. తరువాతి డ్రోనులు ఎక్కువ నీరు మోయుచున్న మాట నిజమే. నీరు బరువైన కొలది ఎగురు కాలము తగ్గుచున్న మాటయు నిజమే. సామాన్యపు డ్రోను ఎక్కువసేపు గాలిలో నిలువజాలదు. పంకాల గాలి నీటిని కలచుట వలన కరిగిన వాయువుల కొలత మారునేమో చూచుకొనవలెను. నడిమధ్యాహ్నపు ఎండ నీటిపై మెరసినచో కటకమునకు తెల్లని మెరుపే తప్ప మరేమియు కనిపింపదు.

అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి కలదు. చెడ్డనీరు చెడుగా కనిపించునను నియమము ఏదియు లేదు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను మువ్వురు శాస్త్రజ్ఞులు నాటి నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగిసి, నడుములు వంగిపోయిన గ్రామీణులను పరీక్షించి, వారు త్రాగు బావినీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించిరి. దర్శి, పొదిలి ప్రాంతపు రైతులు అంతకుముందే తమ యెడ్లు అడుగు వేయలేకపోవుట గమనించిరని చెప్పుదురు. ఆ నీరు తేటనీరు. ఆ మువ్వురిలోని పండిట్‌గారే 1955 నాటికి భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా ఢిల్లీలో నుండిరి. కంటికి మంచిగ కనిపించిన నీటిని గూర్చి నెల్లూరులో నేర్చిన పాఠము యమునా తీరమున మరల ఎదురగుట ఆయనకు ఎట్లు తోచెనో! 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువు మురుగుశుద్ధి కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షింపగా, సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలెను. రోగి రక్తములో నుండదగిన మోతాదును మించిన పరిమాణమది. ఏ ఎత్తునుండి ఏ కటకముతో చూచినను ఆ మందు కనిపింపదు. డ్రోను రంగును, వేడిని, ప్రవాహపు తీరును చూచును. ఫ్లోరైడును, మందులను, వైరసులను చూడదు.

మన ప్రభుత్వము డ్రోను విషయమున మొదట భయపడి, పిదప ఆలోచించి, ఆ పిమ్మట తలుపులు తెరచినది. 2014 అక్టోబరులో పౌరులు వానిని ఎగురవేయుటను విమానయాన శాఖవారు నిషేధించిరి. 2018 నాటి నిబంధనలు అనుమతి నిచ్చుచునే, విజయ్ చౌక్ చుట్టు 5 కిలోమీటర్ల లోపల ఎగురరాదనెను. మన కార్యాలయములనేకము ఆ వలయములోనివే. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోను నియమములు కాగితముల బరువును చాల తగ్గించినవి. ఆకాశమును ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములుగ పంచి, ఆకుపచ్చ మండలమున 400 అడుగుల వరకు అనుమతి అక్కరలేదనినవి. ఢిల్లీ ఆకాశమున విమానాశ్రయములు, రక్షణ స్థలములు దట్టముగ నుండుట చేత ఎరుపు, పసుపుల రాజ్యమే అధికము. దేశములో అందరికంటె మలినమైన నదీభాగమును చూడవలసిన కన్నునకు అనుమతి దొరకుటయే అన్నిచోట్లకంటె కష్టము.

అయినను దానివలన ఇచ్చట ఉపయోగము కలదు. ఇప్పుడు వజీరాబాదు పంపునకు ముప్పు దిగువ కాలువనుండి కాక ఎగువనుండి వచ్చుచున్నది. చలికాలమున నదిలో నీరు సన్నగిల్లినపుడు హర్యానా వైపునుండి వచ్చు మురుగులోని అమోనియా పెరుగును. శుద్ధిశాలలు తట్టుకొనగలిగిన లీటరునకు ఒక మిల్లీగ్రాము మేరను అది దాటిన దినములలో పంపులు తగ్గింపవలసి వచ్చుచున్నది. కుళాయిలు ఎండిన ఆ దినములు మనకందరకు అనుభవమే. అమోనియాకు రంగు లేదు. డ్రోను దానిని చూడజాలదు. కాని ఏ కాలువ ఏ దినమున నదిలోనికి విడువబడినదో, ఆ చార ఎంతదూరము సాగినదో, ఏ వేళకు వజీరాబాదు చేరగలదో అది చూపగలదు. ఎక్కడ ముంచవలెనో తెలియక నియమిత స్థలముననే ముంచుచు వచ్చిన సీసాకు సరియైన తావును అది చెప్పగలదు. 1955లో లేనిది ఈ సమాచారమే.

ఆ తరువాతి మెట్టు ప్రయోగశాలది కాదు, కచేరీది. కాలువలోనికి విషము విడిచిన పరిశ్రమను న్యాయస్థానమునకు ఈడ్వవలెనన్నచో 1974 చట్టములోని 21వ విభాగమును చూడవలెను. పరిశ్రమ మురుగు నమూనా తీయు ఉద్యోగి ముందుగా యజమానికి నోటీసు ఈయవలెను. అతని సమక్షమున నమూనాను రెండు భాగములు చేయవలెను. ప్రతి భాగమును పాత్రలో ఉంచి, గుర్తు వేసి, ముద్ర వేసి, ఇరువురు సంతకములు చేయవలెను. ఈ విధులు నెరవేరని నమూనా ఫలితము సాక్ష్యముగ చెల్లదు. అమాయకుని వేధింపునుండి కాపాడుటకై పెట్టిన నియమములివి. నేను వానిని తప్పుపట్టను. కాని ఆకాశమున నిలిచి గొట్టము దించిన డ్రోను నోటీసు ఈయజాలదు, సంతకము చేయింపజాలదు. తెల్లవారుజామున అది తీసిన వెచ్చని మచ్చ చిత్రము విచారణకు దారి చూపవచ్చునే గాని, ఆ విభాగము కోరు నమూనా మాత్రము కాదు. కావున నేటికిని అది చూపిన తావునకు ఉద్యోగి ఒకరు నోటీసు కాగితము, రెండు సీసాలు, లక్క, ముద్ర సంచిలో పెట్టుకొని, మురుగు ఇంకను పారుచుండగనే చేరుకొనవలసియున్నది.